చేసిన మేలు, చేసిన తప్పు

(శతవార్షికోత్సవ కూటములలో రెండవ దినము మధ్యాహ్నపు సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇది నూరేండ్ల పండుగ కనుక కృతజ్ఞతను గురించి నాలుగు మాటలు చెప్పమని కమిటీవారు నన్ను కోరారు. పదిమంది కుష్ఠరోగుల సంగతి మీరు ప్రతి కోతపండుగకూ వింటూనే ఉన్నారు, అది గురువులు చెప్పవలసిన విషయం, దాని జోలికి నేను పోను. ముప్పై యేండ్లకు పైగా తెలుగు పాఠాలు చెప్పి బ్రతికినవాణ్ణి. కనుక మాటల దారినే నడుస్తాను. కృతజ్ఞతతోపాటు దాని తోబుట్టువైన క్షమాపణను కూడా వెంటబెట్టుకొని వచ్చాను. ఒకదాన్ని విడిచి ఇంకొకదాన్ని గురించి మాట్లాడటం మన భాషలో కుదరదు. ఎందుకు కుదరదో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

పూర్వం మన దేశానికి వచ్చిన తెల్లవారిలో కొందరు, ఈ దేశపు భాషలలో ‘థాంక్యూ’ అనే మాటే లేదు, ఈ ప్రజలకు కృతజ్ఞత అంటే తెలియదు అని తమ పుస్తకాలలో వ్రాసుకున్నారు. ఈ నిందలో సగం నిజం ఉంది, అది ఒప్పుకోవాలి. ‘ధన్యవాదాలు’ అనేది సభలకూ ఉత్తరాలకూ పనికివచ్చే మాట. కూరలమ్మే ఆమె చిల్లర తిరిగి ఇస్తే ఎవరైనా ‘ధన్యవాదాలమ్మా’ అన్నారా? అంటే ఆమె చిల్లర మళ్ళీ లెక్క చూసుకుంటుంది! ‘క్షమించండి’ కూడా అంతే. బస్సులో కాలు తొక్కితే మనం ‘క్షమించండి’ అనం. ‘అయ్యో, చూసుకోలేదండి’ అంటాము, లేదా ఈ రోజుల్లో ‘సారీ’ అంటాము.

అయితే మాట లేకపోతే భావం లేదా? నిందలో తప్పిన సగం ఇదే. ‘కృతజ్ఞత’ అనే మాటనే విప్పి చూడండి. కృత అంటే చేసినది. జ్ఞ అంటే ఎరిగినవాడు. చేసిన మేలు ఎరిగి ఉండటం కృతజ్ఞత. నోటితో చెప్పడం అనే అర్థం ఆ మాటలో ఎక్కడా లేదు. తమిళుల తిరుక్కురళ్‌లో 133 అధ్యాయాలు ఉన్నాయి. అందులో 11వది పూర్తిగా దీనిమీదనే. దాని పేరుకు కూడా చేసిన మేలును ఎరుగుట అనే అర్థం. సంస్కృతము, తమిళము వేరువేరు కుటుంబాల భాషలు. అయినా రెండూ ఎరగడం మీదనే నిలబడ్డాయి. ఎరగనివాణ్ణి మాత్రం మన భాష వదిలిపెట్టలేదు. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టేవాడు అన్నది. ఓడ దాటేదాకా ఓడ మల్లయ్య, ఓడ దాటాక బోడి మల్లయ్య అన్నది. ఏరు దాటి తెప్ప తగలేశాడన్నది. కృతజ్ఞత చెప్పడానికి ఒక్క మాటైనా సరిగా లేని భాషలో కృతఘ్నుణ్ణి తిట్టడానికి ఇన్ని సామెతలున్నాయంటే, ఆ జనం దేనిని పెద్ద నేరంగా ఎంచారో మనకు తెలుస్తున్నది.

ఇక మేలు పొందినవారు ఏమీ అనరా అంటే, అంటారు. మన పల్లెలో ముసలమ్మకు నూతి దగ్గర నాలుగు చేదలు నీళ్ళు తోడిపెట్టండి. ‘నీ కడుపు చల్లగుండ నాయనా’ అంటుంది. ‘నూరేండ్లు చల్లగా బ్రతుకు’ అంటుంది. ఇది థాంక్యూ కాదు, దీవెన. ఎండలు మండే దేశం కనుక చల్లదనమే దీవెన అయింది. తన దగ్గర తిరిగి ఇవ్వడానికి ఏమీ లేదు, కనుక దేవుని దగ్గరనుండి ఇప్పిస్తున్నది. చిన్నవాడు పెద్దవాడికి అలా దీవెన ఇవ్వడానికి లేదు. వాడు ‘మీ ఋణం తీర్చుకోలేను’ అంటాడు. ఈ ‘ఋణం’ అనే మాటను గట్టిగా పట్టుకోండి. మన వాళ్ళు మేలును ఎప్పుడూ అప్పుగానే లెక్కవేశారు. మనిషి పుట్టుకతోనే దేవతలకు, ఋషులకు, పితరులకు మూడు ఋణాలతో పుడతాడని ప్రాచీన గ్రంథాలు చెప్పాయి. పెండ్లిలో చదివింపులు ఎందుకు పుస్తకంలో వ్రాస్తారు? వారింట్లో పెండ్లి వచ్చినప్పుడు ఆ పుస్తకం తీసి చూసి, అంతకు ఒక రూపాయి ఎక్కువ చదివించడానికే. పొరుగింటివారు గిన్నెలో కూర పంపితే ఆ గిన్నె ఉత్తగా పంపకూడదు. ఇంట్లో ఏమీ లేకపోతే చిటికెడు పంచదారైనా వేసి పంపుతారు. థాంక్యూ అంటే లెక్క అక్కడితో ముగిసింది. గిన్నె మాత్రం ఇటూ అటూ తిరుగుతూనే ఉంటుంది. తల్లి అన్నం పెడితే ‘థాంక్స్ అమ్మా’ అంటే మన పాతకాలపు తల్లులు చిన్నబుచ్చుకొనేది ఇందుకే. ‘నేను పరాయిదాన్ని అయిపోయానా?’ అనేవారు. లెక్క తేల్చేస్తున్నాడని వారి బాధ.

మన సంఘాలలో కూడా కృతజ్ఞత ఇదే భాషలో నడిచింది. పిడికెడు బియ్యం సంగతి ఇక్కడున్న పెద్దవారికి ఎరుకే. ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేయడం, వారానికోసారి దాన్ని గుడికి తేవడం. చేతిలో పైసా ఆడని కూలి స్త్రీలు, పూటకింత అని కొలిచి వండుకొనేవారు, ఆ కొలతలోనుండే పిడికెడు తగ్గించి ఇచ్చారు. ఎన్నో పల్లెలలో సంఘకాపరి భోజనం ఆ కుండల మీద గడిచింది. కోతపండుగకు తెచ్చిన వరికంకులు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, వాటి వేలంపాట, నాలుగణాల కోడిగ్రుడ్డును పోటీపడి నాలుగు రూపాయలకు పాడటం, ఇవన్నీ మీరు చూసినవే. ఆ పోటీకి వ్యాపారంలో అర్థం లేదు. కృతజ్ఞతలో ఉంది.

ఇప్పుడు తప్పు సంగతికి వస్తాను. ఇక్కడ మన వ్యాకరణం చాలా గడుసుది. పిల్లవాడి చేతిలో గ్లాసు పోయింది. వాడు ‘పగలగొట్టాను’ అనడు, ‘పగిలింది’ అంటాడు. ఆ పిల్లవాడే పెద్దవాడై ‘తప్పయింది’ అంటాడు, ‘పొరపాటు జరిగింది’ అంటాడు. ఎవరు చేశారు? దానికదే అయింది! నోరు జారిందట, మాట తూలిందట, చెయ్యి దురుసయిందట, బుద్ధి గడ్డి తిన్నదట. అవయవాలన్నీ ఒక్కొక్కటే వచ్చి నేరం ఒప్పుకుంటాయి గాని, ఆ అవయవాల యజమాని మాత్రం ఎక్కడా కనబడడు. ‘తప్పు చేశాను’ అనే రెండు మాటల వాక్యం మన నోట పలకడం ఎంత కష్టమో ఇంటికి వెళ్ళి ప్రయత్నించి చూడండి.

నోటికి కష్టమైనది శరీరానికి కష్టం కాలేదు. ఇది గమనించదగిన విషయం. లెంపలు వేసుకుంటాము. చేతులు పట్టుకుంటాము. రైలులో ప్రక్కవాడికి పొరపాటున కాలు తగిలితే, అతడెవరో ఏ కులమో ఏ మతమో తెలియకపోయినా, చేయి చాచి అతణ్ణి తాకి ఆ చేతిని కండ్లకు అద్దుకుంటాము. ఒక్క మాట ఉండదు. కాశ్మీరు వాడు తగిలినా కన్యాకుమారి వాడు తగిలినా అర్థమయ్యే క్షమాపణ అది. పుస్తకానికి కాలు తగిలినా అంతే చేస్తాము.

క్షమించే వైపు మాటలు మాత్రం మనకు చక్కనివి ఉన్నాయి. క్షమ అంటే ఓర్పు. భూమికి కూడా క్షమ అని పేరు. త్రొక్కేవాణ్ణి మోసేది గనుక. ‘మన్నించు’ అనే మాటకు రెండర్థాలు. ఒకటి తప్పు విడిచిపెట్టడం, రెండవది గౌరవించడం. మన్నన అందులోనుండే వచ్చింది. తప్పు చేసినవాణ్ణి మళ్ళీ గౌరవంగా చూడటమే మన్నించడం అన్న భావం ఎంత గొప్పదో చూడండి. ఇక ఉర్దూ నుండి వచ్చిన ‘మాఫీ’ని మనం మనుష్యులకు వాడలేదు, అప్పులకు వాడుకున్నాము. ఋణమాఫీ అంటాము. నేను ఋణం అనే మాటను పట్టుకోమన్నది ఇందుకే. మత్తయి సువార్త 6వ అధ్యాయంలోని ప్రభువు ప్రార్థనలో మన తెలుగు బైబిలు వాడినది ‘ఋణములు’ అనే మాట. లూకా 11వ అధ్యాయంలో అదే చోట ‘పాపములు’ అని ఉన్నది. మన పల్లెటూరి విశ్వాసికి ఆ మొదటి మాట వెంటనే తగిలింది. షావుకారు పద్దు పుస్తకంలో వేలిముద్ర వేసినవాడు వాడు. మేలు పొందితే అప్పు, తప్పు చేసినా అప్పే. కృతజ్ఞతా క్షమాపణా మన భాషలో తోబుట్టువులన్నది ఈ లెక్కనే.

ఇతర సమాజాల పద్ధతులు కూడా తెలుసుకోదగినవి. జైనులు పర్యూషణ పర్వం చివరి దినాన ఇంటివారిని, బంధువులను, వ్యాపారంలో భాగస్థులను, తమ వద్ద పని చేసేవారిని కూడా ‘మిచ్ఛామి దుక్కడం’ అని క్షమాపణ అడుగుతారు. నేను చేసిన చెడు నిష్ఫలమైపోవును గాక అని ఆ ప్రాకృత వాక్యానికి భావం. మన పట్టణాలలో గుజరాతీ, మార్వాడీ అంగళ్ళవారిలో జైనులైనవారు ఇది పాటించడం మీరు చూడవచ్చును. ముస్లిం సోదరులు హజ్ యాత్రకు బయలుదేరే ముందు ఇరుగుపొరుగువారి వద్దకు వెళ్ళి ‘కహా సునా మాఫ్’ అంటారు. అన్నదీ విన్నదీ మాఫీ చేయండి అని. ఏ తప్పు అని పేరు పెట్టరు. పేరు పెట్టకుండా అడగడం తేలిక అని మీరు అనవచ్చు. నాకూ ఆ అనుమానం ఉన్నది. అయినా ఏడాదికి ఒకసారి, గుమాస్తా ఎదుట యజమాని చేతులు జోడించడం చిన్న సంగతి కాదు.

మాటను ఎంత జాగ్రత్తగా వాడి తప్పుకోవచ్చునో చెప్పడానికి మన రైల్వే స్టేషనే చాలు. బండి నాలుగు గంటలు ఆలస్యం. ‘అసౌకర్యానికి చింతిస్తున్నాము’ అని మైకులో వినబడుతుంది. ఆ గొంతులో చింత ఏమాత్రమూ ఉండదు, పాపం ఆమె గొంతు ఎప్పుడో రికార్డు చేసినది. చింతించడం వేరు, తప్పు ఒప్పుకోవడం వేరు. ప్రభుత్వాలకు ఈ తేడా బాగా తెలుసు. 1919 ఏప్రిల్ 13న అమృతసరులోని జలియన్‌వాలా బాగులో కాల్పులు జరిగాయి. చనిపోయినవారు 379 మంది అని నాటి ప్రభుత్వపు లెక్క. అంతకంటె చాలా ఎక్కువమంది అని మనవారి లెక్క. నూరేండ్లకు, 2019 ఏప్రిల్‌లో, బ్రిటిషు ప్రధానమంత్రి థెరిసా మే తమ పార్లమెంటులో విచారం వెలిబుచ్చారు. క్షమాపణ అనే మాట రాలేదు. ఆ యేడే సెప్టెంబరులో అప్పటి క్యాంటర్బరీ ఆర్చిబిషప్పు జస్టిన్ వెల్బీ అమృతసరు వచ్చారు. ప్రభుత్వం తరఫున మాట్లాడే అధికారం తనకు లేదని చెప్పారు. తాను సిగ్గుపడుతున్నానని, బాధపడుతున్నానని చెప్పి, ఆ నేలమీద బోర్ల పడుకున్నారు. మన భాషలో సాష్టాంగపడ్డారు. ఒక ఆంగ్లేయుడు థాంక్యూ, సారీల దేశంనుండి వచ్చి, మాట చాలదని మన పద్ధతిలో శరీరంతో చెప్పవలసి వచ్చింది. ఆ ఫోటో పత్రికలలో చూసిన దినాన నేను చాలాసేపు ఆలోచించాను.

ఇంతవరకు చెప్పినదంతా మన పద్ధతికి మెప్పుగానే ఉన్నది. ఇక్కడ ఆగితే మీరు చప్పట్లు కొట్టి భోజనానికి పోవచ్చును. కాని ఇందులో ఒక చిక్కు ఉన్నది, అది చెప్పకుండా దిగిపోవడం న్యాయం కాదు.

మన తెలుగు తండ్రులను చూడండి. కొడుకును ఊరికే కొట్టాడు, తరువాత వాడి తప్పు లేదని తెలిసింది. ‘నాదే పొరపాటు నాన్నా’ అంటాడా? అనడు. సాయంత్రం బజారునుండి జామకాయలు తెస్తాడు. వాడి ముందు పెట్టడు, గూట్లో పెడతాడు. రాత్రి భార్యను, ‘వాడు తిన్నాడా?’ అని అడుగుతాడు. ఆమె నవ్వుకుంటూ, ‘నాన్న పిలుస్తున్నాడురా, అన్నానికి రా’ అంటుంది. నిజానికి ఆయన పిలవలేదు. వాడు మూతి ముడుచుకొని వచ్చి కూర్చుంటాడు. ఆయన తన కంచంలోని చేపముక్క తీసి వాడి కంచంలో వేస్తాడు. అయిపోయింది. ముగ్గురికీ అర్థమయింది. ఇంతకంటె మంచి క్షమాపణ ఏ భాషలో ఉన్నది?

ఇప్పుడు అదే పద్ధతిని ఊరి మోతుబరి ఇంటిముందుకు తీసుకొని పొండి. పాలేరును అన్యాయంగా కొట్టాడు. తరువాత తెలిసింది. ఆయనా మాట అనడు. పండుగకు ఒక కుంచెడు గింజలు ఎక్కువ కొలిపిస్తాడు, లేదా పాత పంచె ఒకటి పడేస్తాడు. పాలేరు దాన్ని రెండు చేతులా అందుకొని దండం పెడతాడు. తప్పు దొరది, దండం పాలేరుది! దెబ్బ తిన్నవాడే కృతజ్ఞత కూడా చూపవలసి వచ్చింది. ఇది మన తాతలు చెప్పగా విన్నవారు ఈ సభలో చాలామంది ఉన్నారు. తెలంగాణములో ‘బాంచెన్ దొరా, నీ కాల్మొక్త’ అన్న మాట ఉండేది. నేను నీ బానిసను, నీ కాళ్ళకు మ్రొక్కుతాను అని. అందులోనే క్షమాపణ, అందులోనే కృతజ్ఞత, అందులోనే ప్రాణభయం. తప్పు చేసినా చేయకపోయినా ఆ మాట పలకవలసిందే. ఆ మాట నోటినుండి పోవడానికి 1946 నుండి 1951 వరకు పెద్ద పోరాటమే జరగవలసి వచ్చింది.

చూశారా, తండ్రి మౌనమూ దొర మౌనమూ పైకి ఒకటే. కాని తండ్రీ కొడుకుల మధ్య మాట అక్కరలేకపోయింది, ఎందుకంటే ఇద్దరూ ఒకే కంచంవారు, లెక్క ఇద్దరికీ తెలుసు. ఎత్తుపల్లాలు ఉన్నచోట పైవాడు మాట్లాడకపోవడం సంస్కృతి కాదు, అది ఎత్తు. మన భాషలో కృతజ్ఞతా క్షమాపణా కూడా నీళ్ళకు విరుద్ధంగా పల్లంనుండి ఎగువకే ప్రవహించాయి. పెద్దవారికి చేతులు జోడించడం పిల్లలకు నేర్పాము. పిల్లవాడి దగ్గర, భార్య దగ్గర, పనిమనిషి దగ్గర, ‘తప్పు చేశాను’ అనడం ఏ పెద్దబాలశిక్షలోనూ నేర్పలేదు. పెద్దరికం పోతుందని భయం. అందుచేత ఈ కాలపు పిల్లలు ఆటోవాడికీ, కండక్టరుకూ ‘థాంక్స్ అన్నా’ అనడం చూసి మనలో కొందరు ఇంగ్లీషు షోకు అని నవ్వుతారు గాని, నేను నవ్వను. ఆ అరువు మాట కనీసం పల్లానికి ప్రవహిస్తున్నది. ‘సారీ’ మరీ చవుకైపోయిన మాటే, తుమ్మినా సారీ, దగ్గినా సారీ. అయినా భర్త భార్యతో సారీ అనగలుగుతున్నాడంటే అరువు తెచ్చుకున్నందుకు నష్టమేమీ లేదు.

మన సంఘాల సంగతి కూడా ఒక మాట అనకపోతే నా ప్రసంగం గోడమీది పిల్లి అవుతుంది. స్థలాల గురించి, పదవుల గురించి మనలో తగాదాలు వచ్చిన సంగతి, కొన్ని కోర్టులదాకా వెళ్ళిన సంగతి ఎవరూ కాదనలేరు. ఒకే బల్ల దగ్గర మోకరించి, పది పన్నెండేండ్లు ఒకరితో ఒకరు మాటలాడని అన్నదమ్ములను నేను ఎరుగుదును. ఎవరి ఇంట్లో చావు వచ్చినా రెండవవారు వెళ్తారు, శవపేటిక మోస్తారు, మాట మాత్రం ఆడరు. భుజం పట్టడమే క్షమాపణ అని ఒకరు అనుకుంటారు. మాట రాలేదు కనుక పొగరు తగ్గలేదని ఇంకొకరు అనుకుంటారు. చేతల భాష ఇక్కడ పనిచేయదు. నమ్మకం ఉన్నచోటే చేతలకు అర్థం తెలుస్తుంది.

1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడిన తరువాత, 1950లో వచ్చిన ఆరాధన క్రమంలో సమాధానము ఇచ్చిపుచ్చుకొనే పద్ధతి పెట్టారు. కేరళలోని సిరియను క్రైస్తవుల ఆచారంనుండి తీసుకున్నది. ఒకరి కుడి అరచేతికి ఇంకొకరి కుడి అరచేయి ఆనించి, ఎడమ చేతితో మూయడం. శరీరపు భాష మనకు తెలిసినదే కనుక అది మనవారికి వెంటనే అబ్బింది. మాట మాత్రం చూడండి. తెలుగులో సమాధానము అంటే శాంతి, సమాధానము అంటే జవాబు కూడా. అడిగినదానికి జవాబు చెప్పనివాడు చేయి ఇస్తే అది సగం సమాధానమే. జక్కయ్య సంగతి లూకా 19వ అధ్యాయంలో ఉన్నది. అతడు ఊరివాళ్ళకు ఇల్లు కట్టి ఊరుకోలేదు, రహస్యంగా గుమ్మాలముందు డబ్బు పెట్టి పోలేదు. నిలువబడి అందరూ వినగా అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానని నోటితో చెప్పాడు. లెక్క కూడా చెప్పాడు. అతడు పైవాడు, అధికారి, ధనవంతుడు. మాట పైనుండి క్రిందికి వచ్చింది.

ఇక మన శతవార్షిక కృతజ్ఞత సంగతి. బిషప్పుల ఫోటోలు, మిషనరీల ఫోటోలు సావనీరులో వేశారు, వేయవలసినదే. లాంతరు పట్టుకొని చెరువుగట్ల వెంట పల్లెపల్లెకూ నడిచిన ఉపదేశులు, గడప గడపకూ తిరిగిన బైబిలు స్త్రీలు, ఆ పిడికెడు బియ్యం తెచ్చినవారు, వీరి పేర్లు మన ఇండ్లలోనే ముసలివారి నోళ్ళలో ఉన్నవి. వారు పోతే పేర్లు కూడా పోతాయి. ప్రతి సంఘమూ ఒక నోటుపుస్తకం కొని వ్రాయించాలని నేను కార్యదర్శిగారిని కోరాను, వారు సరేనన్నారు.

తరువాతి అంశం వందన సమర్పణ. మైకు సెట్టువారినుండి పందిరి వేసినవారివరకు ఆ జాబితాలో ఉంటారు. ప్రొద్దున నేను వెనుక వంటశాలలోకి వెళ్ళి వచ్చాను. నిన్నటి రాత్రి రెండు గంటలనుండి అక్కడ పొయ్యిల దగ్గర ఉన్నవారు పదకొండుమంది, అందులో ఏడుగురు స్త్రీలు. వారి పేర్లు, ఊళ్ళు అడిగి కాగితంమీద వ్రాసుకున్నాను. ఒక్కొక్క పేరూ ‘గారు’ చేర్చి చదవవలసినదిగా మనవి చేస్తూ ఆ కాగితం వందన సమర్పణ చేసే సోదరుని చేతికి ఇస్తున్నాను. వంటశాలదాకా వినబడాలి, మైకు కాస్త అటు త్రిప్పించండి.